డొంకతిరుగుడు ఎర్మెక్

మా ఆఫీసులో ఎర్మెక్ నోటి నుంచి సూటి జవాబు రాబట్టినవాళ్ళు లేరు. "టీ పొడి అయిపోయిందా?" అని అడిగి చూడండి. ముందు ఈ ఏడు చలి ఎంత గట్టిగా పెట్టిందో చెబుతాడు. తర్వాత మన కెటిల్ పాతబడిందంటాడు. ఆ తర్వాత కింద దుకాణం అమ్మాయి ఎంత మర్యాదస్తురాలో చెప్పడం మొదలుపెడతాడు. ఆ మర్యాదలు పూర్తయ్యేలోగా మీరే మెట్లు దిగి టీ పొడి కొనుక్కొచ్చేస్తారు. నాకు మనసులో మాట నోట్లో నానదు, కుండ బద్దలు కొట్టేస్తాను. అలాంటి నన్ను తీసుకొచ్చి వాడి పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఎవరి పాపమో మరి.

నా పేరు సొనున్. బిష్కెక్‌లో కోక్‌బొరు పోటీలను ఫోన్లలో చూపించే కంపెనీలో ఫిర్యాదులు వినే ఉద్యోగం నాది. గుర్రాల మీద మేక కళేబరం కోసం కొట్లాడుకునే ఆ ఆటంటే మా జనానికి ప్రాణం. కొండమీద గొర్రెలు కాసేవాడు చూస్తాడు, మాస్కోలో ఇళ్ళు కట్టే కూలీ చూస్తాడు, పురిటి మంచం పక్కన కూర్చున్న మొగుడూ చూస్తాడు. ఎవడి ఫోన్‌లో బొమ్మ ఆగినా తిట్లు తినేది మాత్రం నేను.

ఆ బొమ్మ ఆగకుండా చూడటం ఎర్మెక్ పని. వాడు నాకంటే పన్నెండేళ్ళు చిన్న, తమ్ముడి వరస, నన్ను ఎజె అంటాడు, అంటే అక్క. వాళ్ళమ్మ దొర్దోయ్ బజారులో ఇనుప కంటైనర్‌లో చెప్పులమ్ముతుంది. కొడుకు వందల కంటైనర్లను చూసుకుంటున్నాడని ఎవరో అంటే, ఆవిడ ఆ మాట బజారంతా టముకు వేసింది. పెళ్ళిసంబంధాలు క్యూ కట్టాయి. అవి కంటికి కనబడని కంటైనర్లని తెలిశాక ఎంత వేగంగా వచ్చాయో అంత వేగంగా వెనక్కి పోయాయి.

నన్నడిగితే రెంటికీ పెద్ద తేడా లేదు. ఎర్మెక్ కంటైనర్లు కంప్యూటర్ల లోపల ఉండే ప్రోగ్రాం పెట్టెలు, ఒక్కో పెట్టె ఒక్కో దుకాణం. దానికి కావలసిన సామానంతా దానిలోనే సర్ది ఉంటుంది కనుక ఏ సర్వర్ మీద దించినా తలుపు తీసి పని మొదలుపెడుతుంది. ఒకటి బొమ్మ పంపుతుంది, ఇంకొకటి స్కోరు రాస్తుంది, మరొకటి వచ్చినవాడికి టికెట్ ఉందో లేదో చూస్తుంది. జనం పెరిగితే అలాంటివే మరికొన్ని తెరుచుకుంటాయి. ఒకటి చస్తే దాని చోట ఇంకొకటి పుడుతుంది. ఆ సర్వర్లనూ పెట్టెలనూ అన్నిటినీ కలిపి ఎర్మెక్ "మంద" అంటాడు. అత్‌బాషి లోయలో గొర్రెల మధ్య పెరిగినవాడు మరి. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు దాన్ని మందలోకి మెల్లగా దించడం, ఏ పెట్టెకు ఒంట్లో ఎలా ఉందో కనిపెట్టుకుని ఉండటం, అదీ వాడి బతుకు.

పెట్టెలకు ఏమైనా అయితే డ్యూటీలో ఉన్నవాళ్ళ ఫోన్‌కు అలర్ట్ వస్తుంది. వాళ్ళు పలక్కపోతే ఇంకొకరికి, ఆ ఇంకొకరూ పలక్కపోతే డైరెక్టర్ మేదెర్‌కు వెళ్తుంది. ఎవరైనా బదులిస్తే చాలు, మనిషి చూసుకుంటున్నాడని లెక్కగట్టి అది నోరు మూసుకుంటుంది. మొదట్లో ఈ అలర్ట్ మహా ముక్కుసూటిగా ఉండేది. పైగా చదివి వినిపించేది కూడా. దాని పొగరు అణిగింది మేదెర్ మేనల్లుడి పెళ్ళిలో.

ఆ పెళ్ళిలో పాటలు పెట్టడానికి మేదెర్ తన ఫోన్‌ను హాలు స్పీకర్లకు తగిలించాడు. మా సర్వర్ల గుంపులకు మేము ఊళ్ళ పేర్లు పెట్టుకున్నాం. ఒక పెద్దాయన లేచి, అరచేతులు చాచి, కొత్త దంపతులను దీవించబోయాడు. హాలు నిశ్శబ్దమైంది. అప్పుడు స్పీకర్లలోంచి ఒక ఆడగొంతు ఖంగున మోగింది.

"ఓష్‌లో ముగ్గురు మృతి. తలాస్‌లో అందరూ మృతి."

పెళ్ళికూతురిది తలాస్. ఆవిడ తరఫు ముసలమ్మలు అక్కడికక్కడే శోకాలు అందుకున్నారు. మావాళ్ళకు గొంతెత్తడానికి పోయిందెవరో తెలియనక్కర్లేదు, పోయారన్న కబురు చాలు. పెళ్ళికూతురి తండ్రి కుర్చీలో కూలబడి, ఊళ్ళో ఒక్కొక్కరికీ ఫోన్ చేసి "బతికే ఉన్నావా?" అని అడగడం మొదలుపెట్టాడు. మేదెర్ బల్లలన్నీ తిరిగి ఎన్నిసార్లు దణ్ణాలు పెట్టినా లాభం లేకపోయింది. పెళ్ళికూతురి తల్లి ఈనాటికీ అతనితో సరిగ్గా మాట్లాడదు.

సెలవు అయిపోయి ఆఫీసుకొచ్చిన మేదెర్ మమ్మల్నందరినీ నిలబెట్టి చెప్పాడు. "ఇకమీదట నా ఫోన్‌లో చావు అనే మాట వినబడిందంటే నేనూరుకోను. మనుషులకు మనుషులు చెప్పినట్టు చెప్పించండి. ఎవరికి చేతనవును?"

ఎర్మెక్ ముఖం అంతగా వెలగడం నేనెప్పుడూ చూడలేదు.

మాలో చావు కబురును ఎవరూ ఎదురుపడి అనేయరు. మాట పొదుపు, మనసు మెత్తదనం తెలిసిన పెద్దమనిషిని పిలిపించి, ఆయన చేత మెల్లమెల్లగా చెప్పిస్తారు. అత్‌బాషిలో ఆ పెద్దమనిషి ఎర్మెక్ తాత. ఎర్మెక్ బిష్కెక్‌లో చదువుకుంటున్నప్పుడు వాళ్ళ నాన్న పోతే, కొడుకు చావు కబురును మనవడికి చెప్పడానికి ఆ ముసలాయనే హాస్టల్‌కు వచ్చాడు. బస్సెక్కించాడు. దారి పొడుగునా ఏవో కబుర్లు, మంచు పడిందనీ, ఒక మంచి గుర్రం కాలుజారిందనీ, గుర్రం పోయినా పిల్ల మిగిలిందనీ. "తాత ఆ మాట అననే లేదు ఎజె" అన్నాడు ఎర్మెక్ నాతో ఒకసారి. "నాకే తెలిసిపోయింది. తెలిసేసరికి తాత చెయ్యి నా భుజం మీద ఉంది. అప్పటికది చాలాసేపటినుంచీ అక్కడే ఉందని నాకప్పుడు తెలిసింది."

ఇప్పుడు తాత లేడు. ఆ ఊళ్ళో కూడా ఎవరు పోయినా ఫోన్‌లో గ్రూపుకొక ఫోటో పెట్టి, కింద ఏడుపు బొమ్మలు పెడుతున్నారు. ఆ ముసలాయన చేతివిద్య అందుకున్నవాడు లేడు. ఎర్మెక్‌కు ఆ మాటలన్నీ నోటికి వచ్చు, కానీ వీడు చెప్పాల్సింది మనుషులకు కాదు, వీడి చుట్టూ ఉన్నవి పెట్టెలు. అందుకే తాత మాటలన్నీ తీసుకొచ్చి అలర్టుల్లో పెట్టాడు. ఆ మాటలు ఈ లోకంలో ఇంకెక్కడా లేవు, నేను పెట్టిన చోటే ఉన్నాయి అని వాడి నమ్మకం. అవి తీసేస్తే తాతను రెండోసారి మట్టిచేసినట్టే.

ఇక ఆ అలర్టుల సంగతి వినండి. తలాస్ సర్వర్ల మీద పెట్టెలు రాలిపోతున్నాయనుకోండి. ముందు ఫోన్‌కు ఎర్మెక్ పేరు మీదే ఇలా వస్తుంది: "కులాసాయేనా? పిల్లాజెల్లా, గొడ్డూగోదా అంతా క్షేమమేనా? టీ తాగారా?" కాసేపాగి రెండోది: "మందన్నాక ఒకటీ అరా దారి తప్పుతుంటాయి. మీరు గుండె దిటవు గల మనిషి." ఇంకాసేపాగి మూడోది: "కూర్చునే ఉన్నారు కదా?" అని మొదలై, అప్పుడు అసలు కబురు. బాగైతే మాత్రం ఆలస్యం లేదు. "శుభవార్త తెచ్చాను, ఏమిస్తారు?" అంటుంది. ఏదో ఒకటి రాసిస్తే గానీ ఆ శుభవార్త ఏమిటో చెప్పదు. మేదెర్ ఒకసారి చిరాకులో "గుర్రం ఇస్తా" అని రాసేశాడు. ఆ తర్వాత అతను ఆఫీసులోకి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు కిటికీలోంచి చూసి "బైకే, కింద గుర్రం కట్టేసి లేదే?" అనేవాళ్ళు. బైకే అంటే మాకు అన్నగారే లెండి, డైరెక్టరైనా అన్నగారే.

నవ్వుకున్నాం గానీ, అవి బాగానే నడిచాయి. ఎందుకంటే చచ్చిన పెట్టె చాలాసార్లు దానంతటదే మళ్ళీ పుడుతుంది. మూడో మాట దాకా వచ్చేసరికి ముప్పు తప్పిపోయేది. చెప్పకముందే తీరిపోయే దుఃఖానికి తొందరేముంది?

అప్పుడొచ్చింది చినారా. తలాస్ పిల్ల, అంతకుముందు ఏదో బ్యాంకులో సర్వర్లు చూసింది. మాట కత్తి. మొదటి అలర్ట్ అందుకున్న రోజే కుర్చీ ఎర్మెక్ వైపు తిప్పింది.

"ఎర్మెక్ బైకే, కొంప తగలబడుతుంటే టీ తాగారా అని అడుగుతారా ఎవరైనా?"

"అడగాలమ్మా" అన్నాడు ఎర్మెక్ శాంతంగా. "తాగి ఉంటే ఆర్పడానికి ఓపికుంటుంది."

"ఆర్పడానికి కొంపుండాలి కదా!"

"చూడమ్మా, తలాస్‌లో నీళ్ళు మంచివి. అక్కడి పిల్లలు చురుకైనవాళ్ళు. చురుకైన పిల్లలకు ఒక్కోసారి..."

"సొనున్ ఎజె, ఈయన నన్ను తిడుతున్నాడా, పొగుడుతున్నాడా?"

"నాలుగు రోజులాగు, తెలుస్తుంది" అన్నాను. "నేనింకా ఆగుతూనే ఉన్నా."

చినారా ఊరుకునే రకం కాదు. ఎర్ర దీపం, సైరన్, "చచ్చింది, లేచి చూడు" అన్న ఒక్క ముక్క, ఇదీ ఆమె తయారుచేసుకున్న అలర్ట్. దాన్ని మేదెర్ ముందు మోగించి చూపిస్తే పక్క గదిలో లెక్కలావిడ చేతిలో గిన్నె జారవిడిచింది. మేదెర్‌కు ఇద్దరూ కావాలి, ఇద్దరిలో ఎవరి మనసూ నొప్పించడం ఇష్టం లేదు. చివరికి తేల్చాడు. "నూరుజ్ పండగనాడు తలాస్‌కూ నారిన్‌కూ ఫైనల్. దేశమంతా చూస్తుంది. ఆ ఆట సాఫీగా నడిచిందా, ఎర్మెక్ మాటలు ఉంటాయి. తేడా వచ్చిందా, చినారా సైరన్. ఇంక ఈ గోల నా దగ్గరికి తేవద్దు."

ఎర్మెక్ ఆ పూట భోజనం దగ్గర ముద్ద కెలుకుతూ కూర్చున్నాడు. ఏమయ్యా అంటే, "మా తాత గొంతు బాగుండేది ఎజె" అన్నాడు. అంతే. అంత పొట్టి మాట వాడి నోట నేను వినడం అదే మొదలు. నాకు చినారా మీద ఒళ్ళు మండింది, వాడి మీద జాలేసింది. వాడి అలర్టులు పనికిమాలినవని నాకు మనసులో తెలుసు, అందుకని ఆ జాలి ఇంకా ఎక్కువైంది.

నూరుజ్ పొద్దున లెక్కలావిడ ఆర్చా చెట్టు కొమ్మ వెలిగించి ఆఫీసంతా పొగ వేసింది. పీడలన్నీ పోవాలని మేము ఏటా వేస్తాం. సర్వర్ల గదిలోకి కూడా వెళ్ళబోతే చినారా తలుపుకు అడ్డంగా నిలబడింది. "ఎజె, లోపల పొగ పట్టే యంత్రం ఉంది, కూస్తుంది!" "కూయనీ అమ్మా, పీడలు భయపడతాయి" అని ఆవిడ సందులోంచి దూరిపోయింది. అది కూసింది. పండగ అలా మొదలైంది.

ఎర్మెక్ అప్పటికే కొత్త వెర్షన్ దించుతున్నాడు. ఆటలో రౌతు పేరుతో పాటు గుర్రం పేరు, బొమ్మ కూడా కనబడాలని జనం ఎన్నాళ్ళుగానో అడుగుతున్నారు. నాకొచ్చే ఫోన్లలో సగం అవే. "మనిషి పేరెవడిక్కావాలి, గుర్రం ఎవరిది?" అని. గుర్రాలను పెంచే పెద్దలకు మేదెర్ స్వయంగా మాటిచ్చాడు, ఫైనల్‌లో మీ గుర్రాల పేర్లు తెర మీద చూసుకుంటారని. ఎర్మెక్ దాన్ని ముందు కొన్ని పెట్టెల్లో పెట్టి, టీ తాగుతూ వాటి ముఖం చూశాడు. బాగానే ఉన్నాయి. ఇంకొన్నిటిలో పెట్టాడు. అవీ బాగున్నాయి. అప్పుడు మందంతటికీ ఇచ్చాడు. పని చేయడంలో వాడికి వంక పెట్టలేం, తొందరనేది ఆ ఒంట్లోనే లేదు.

మధ్యాహ్నం ఆట మొదలైంది. మేదెర్ మైదానంలో ఆ గుర్రాల పెద్దల పక్కన కూర్చున్నాడు. చినారా అక్కడే కెమెరాల వాళ్ళ దగ్గరుంది. ఆఫీసులో నేనూ ఎర్మెక్. ఆ రోజు డ్యూటీ చినారాది, ఆమె తర్వాత మేదెర్. కాబట్టి ఎర్మెక్ ఫోన్‌కు అలర్టులు రావు, ఎవరు బదులిచ్చారో మాత్రం తెర మీద కనబడుతుంది.

తలాస్ వాళ్ళు కళేబరాన్ని గోలులో పడేశారు. తలాస్ తలాసంతా ఫోన్లు తెరిచింది. మళ్ళీ పడేశారు. అప్పటిదాకా చూడనివాళ్ళు కూడా తెరిచారు. అప్పుడు నా బల్ల మీద ఫోన్ మోగింది.

"ఏమ్మా, మా గుర్రం ఏదీ? నల్లటి గుడ్డ కప్పారేంటి తెరకి?"

ఆ ఫోన్ పెట్టేలోపు ఇంకొకటి. అది పెట్టేలోపు మూడోది, అందులోవాడి తిట్లు నేను ఇక్కడ రాయలేను. నేను ఎర్మెక్ వైపు తిరిగాను.

"ఎర్మెక్! తలాస్‌లో తెరలు నల్లబడ్డాయి!"

"చూస్తున్నా ఎజె. అలర్ట్ వెళ్ళింది. చినారా బదులిచ్చింది, ఆమె చూసుకుంటోంది."

"నారిన్ వాడు కూడా తిడుతున్నాడయ్యా!"

"దానికీ వెళ్ళింది. మేదెర్ బైకే స్వయంగా బదులిచ్చాడు." అని చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. "పెద్దాయన చేతిలోకి తీసుకున్న పనిలో నేను వేలు పెడితే బాగుండదు."

నాకు తిక్కరేగింది. వాడి తెర నా వైపుకు లాక్కుని ఆ బదుళ్ళేమిటో చదివాను.

చినారా బదులు: "మీకూ నూరుజ్ శుభాకాంక్షలు బైకే. అందరం క్షేమం. పండగపూట కూడా ఈ డొంకతిరుగుడేనా?"

మేదెర్ బదులు: "నీకూ, మీ అమ్మగారికీ శుభాకాంక్షలు. టీ తాగాను. మీ ఇంట పాడి పొంగాలి."

రెండోసారి మళ్ళీ మేదెర్: "ఇప్పుడే చెప్పావుగా నాయనా! సరే, నీ మందా చల్లగా ఉండాలి."

పండగనాడు మా దేశంలో ప్రతి ఫోనూ ఇదే కూత కూస్తుంది. కులాసాయేనా, పిల్లాజెల్లా క్షేమమేనా. మర్యాద తెలిసినవాడెవడైనా వెంటనే బదులిస్తాడు. యంత్రం ఆ బదులు చూసి, ఓహో మనిషి చూసుకుంటున్నాడు అనుకుని నోరు మూసుకుంది. కాసేపాగి మళ్ళీ పలకరించింది, మళ్ళీ బదులొచ్చింది. ఒక్కసారి కూడా రెండో మాట దాకా రాలేదు. మంద చస్తోంది, మావాళ్ళు దానితో పండగ శుభాకాంక్షలు ఇచ్చిపుచ్చుకుంటున్నారు.

ఎర్మెక్ కూడా చదివాడు. ముఖం పాలిపోయింది. కానీ చేతులు మాత్రం కీబోర్డు మీదికి వెళ్ళాయి. కొత్త పెట్టెలు గుర్రాల బొమ్మలన్నిటినీ తమలోనే దాచుకుంటున్నాయట. జనం పెరిగేకొద్దీ అవి ఉబ్బిపోయి, ఇచ్చిన జాగా చాలక చస్తున్నాయి. వాటి చోట పుట్టినవి కళ్ళు తెరవకముందే జనం కింద నలిగిపోతున్నాయి. వాటి బరువు మిగతావాటి మీద పడి అవీ పోతున్నాయి.

"పాత వెర్షన్ పెట్టెయ్యి!" అన్నాను. అంత మాత్రం నాకూ తెలుసు.

"పెడితే గుర్రాల పేర్లు పోతాయి ఎజె. ఆ పెద్దలు బైకే పక్కనే కూర్చున్నారు. ఆయన మాటిచ్చాడు. ఆయన్ను అడక్కుండా..."

"అయితే అడుగు!"

ఫోన్ చేశాడు. నాకూ వినబడేలా పెట్టాడు. అవతల డోలు మోతలు, గుర్రాల సకిలింపులు, మేదెర్ నోటి నిండా ఏదో నములుతున్నాడు.

"బైకే, కులాసాయేనా?" అన్నాడు ఎర్మెక్.

"ఒరేయ్, ఇదెన్నోసారిరా! కులాసానే!"

"పిల్లాజెల్లా..."

"ఎర్మెక్, పండగ సుమొలొక్ తింటున్నాను, చల్లారిపోతోంది. సంగతేంటి?"

వాడి నుదుటి మీద చెమట. నీళ్ళు నములుతున్నాడు. "బైకే, మంచి గుర్రమే అయినా ఒక్కోసారి రాతినేల మీద..."

నా బల్ల మీద ఫోన్లు ఏకధాటిగా మోగుతున్నాయి. నేను లేచి వాడి భుజం పట్టుకుని ఊపేశాను. "చెప్పి చావవయ్యా!"

వాడు కళ్ళు మూసుకున్నాడు. "మంద చచ్చిపోయింది బైకే" అన్నాడు. "సగం పైగా పోయింది. దేశంలో సగంమందికి ఆట కనబడటం లేదు. తప్పు కొత్త వెర్షన్‌ది, పెట్టింది నేను. గుర్రాల పేర్లు తీసేయాలి. ఇప్పుడే తీసేయాలి."

అవతల నమలడం ఆగింది. డోలు మాత్రం మోగుతోంది.

"తీసెయ్" అన్నాడు మేదెర్.

ఎర్మెక్ తీసేశాడు. పాత పెట్టెలు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి. తెర మీద ఎర్ర గళ్ళు ఒకదాని తర్వాత ఒకటి ఆకుపచ్చగా మారాయి. చివరి భాగం ఆట దేశమంతా చూసింది. నారిన్ గెలిచింది. తలాస్ వాళ్ళు వేసిన గోల్స్ తలాస్ వాళ్ళకే కనబడలేదు, నారిన్ గెలవడం మాత్రం అందరికంటే స్పష్టంగా కనబడింది. ఆ వారమంతా తలాస్ నుంచి నాకొచ్చిన ఫోన్ల గురించి అడక్కండి. ఎర్మెక్ పుట్టిన అత్‌బాషి నారిన్‌లోదేనని వాళ్ళకెవరో చెప్పారు కూడా.

పండగ మర్నాడు మీటింగులో మేదెర్ నేల చూపులు చూశాడు. చినారా గోడ చూసింది. ఇద్దరూ బదులిచ్చినవాళ్ళే కనుక ఎర్మెక్‌ను అనడానికి ఎవరికీ నోరు రాలేదు. "సరే, జరిగిందేదో జరిగింది, ఆలోచిద్దాం" అని మేదెర్ మాట దాటేయబోయాడు.

"ఆలోచించడానికేం లేదు బైకే" అన్నాడు ఎర్మెక్. "పొద్దున్నే తీసేశాను. చినారాది పెట్టాను."

భోజనాల దగ్గర నేనే ఊరుకోలేక అడిగాను. "అంత తేలిగ్గా ఎలా తీసేశావయ్యా? బతిమాలితే మేదెర్ ఉంచేవాడేమో."

రొట్టె తుంచి పక్కన పెట్టాడు. "రాత్రి ఆలోచించాను ఎజె. తాత ఏ ఇంటికైనా అంతా అయిపోయాకే వెళ్ళేవాడు. ఇంకా చెయ్యడానికి ఏమైనా మిగిలి ఉన్న ఇంటికి వెళ్ళనే లేదు. అలాంటి చోట ఆయనా అరిచేవాడే. ఏరు పొంగినప్పుడు ఊరంతా వినబడేలా అరిచాడు, నేను విన్నాను. ఇన్నాళ్ళూ నేను ఆయన మాటల్ని తప్పు ఇంటికి పంపాను." వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నాకూ తిరిగాయి. నవ్వుతానేమోనని వాడు తల తిప్పుకున్నాడు. నేను నవ్వలేదు.

ఆ తర్వాత ఆఫీసులో సైరన్లు మోగాయి. పెట్టె చస్తే చచ్చిందని తెలిసింది, మనుషులు లేచి పరిగెత్తారు. పని బాగైంది, ఎవరూ కాదనలేదు. కానీ ఎర్మెక్ తన డొంకతిరుగుడే మర్చిపోయాడు. టీ పొడి ఉందా అంటే "లేదు" అనేవాడు. ఆ "లేదు" విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరించేది.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం నా ఫోన్ మోగింది. ఫిర్యాదనుకున్నాను. చినారా వాళ్ళన్న, తలాస్ నుంచి. వాళ్ళ నాన్న ఆ ఉదయం పశువుల కొట్టంలో కూలబడిపోయాడట. మళ్ళీ లేవలేదు.

"చెల్లికి నేను ఫోన్ చెయ్యలేదు ఎజె" అన్నాడతను. "ఒక్కతే ఉన్నప్పుడు వినకూడదు. అక్కడ మీలో పెద్దవాళ్ళెవరైనా..." కారు పంపుతున్నామని మాత్రం చెప్పి పెట్టేశాడు.

చినారా కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని కొత్త వెర్షన్ దించుతోంది, ఏదో పాట కూనిరాగం తీస్తూ. నేను రెండుసార్లు లేచాను, రెండుసార్లు కూర్చున్నాను. ఇంత నోరున్న నాకు నోరు పెగల్లేదు. ఎర్మెక్ దగ్గరికెళ్ళి చెవిలో చెప్పాను.

వాడు వెళ్ళి ముఖం కడుక్కుని, చొక్కా గుండీలు పెట్టుకుని వచ్చాడు. టీ పెట్టాడు. మా మర్యాద ప్రకారం గిన్నెలో సగానికే పోసి, పట్టుకెళ్ళి ఆమె పక్కన కుర్చీ లాక్కున్నాడు. నేను ఇంకో పక్కన కూర్చున్నాను.

"చినారా" అన్నాడు. "కులాసాయేనా అమ్మా? అంతా క్షేమమేనా? టీ తాగావా?"

ఆమె తెర మీంచి కళ్ళు తిప్పకుండానే నవ్వింది. "ఏంటి బైకే, మళ్ళీ మొదలెట్టారా? అవి తీసేశామనుకున్నానే!"

ఎర్మెక్ నవ్వలేదు. "ఈ ఏడు తలాస్‌లో గడ్డి బాగా ఎదిగిందని విన్నాను" అన్నాడు. "మీ నాన్నగారు స్వయంగా కోయించారట."

కీబోర్డు మీద ఆమె వేళ్ళు ఆగిపోయాయి. వాడి ముఖం చూసింది. ఇస్త్రీ లేని ఆ చొక్కాకు మెడ దాకా పెట్టుకున్న గుండీలు చూసింది. నా వైపు తిరిగింది. నేను తల దించుకున్నాను. మా పిల్లే కదా, ఈ మాటలు ఎప్పుడు చెబుతారో ఆమెకు తెలియకపోవడమేమిటి?

ల్యాప్‌టాప్ మూసింది. టీ గిన్నెను రెండు చేతులతో పట్టుకుంది. ఎర్మెక్ చెయ్యి అప్పటికే ఆమె భుజం మీద ఉంది.

"బైకే" అంది చినారా. "నెమ్మదిగా చెప్పండి."